చెలమలో సముద్రం

శుక్రవారం... అమావాస్య... ఉదయం పదిన్నర గంటలు!

రాహుకాలం అడుగు పెట్టిందని తెలుసుకోవడానికి ఆ రోజు పంచాంగం అవసరం లేకపోయింది. తెల్లవారినప్పటి నుంచి కాటుక మేఘాలు శ్రీకాళహస్తి కొండల మీదికి దిగి, పట్టపగటి గొంతు నులిమి మునిమాపు చేసి పెట్టాయి. తూర్పున ఫెళఫెళమని ఉరుము... పడమట దానికి జవాబు! గాలి స్తంభించింది. ఇంత ఆర్భాటం చేస్తున్న ఆకాశం ఒక్క చినుకైనా రాల్చలేదు. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. స్వర్ణముఖి నది ఎండిపోయి, ఇసుక ఎముకల రంగు తేలి, ఊరి పక్కన దిక్కులేని శవంలా పడి ఉంది.

ఊరికి రెండు మైళ్ళ దిగువన, నది ఒడ్డున, పాడుబడిన మోటారు కొట్టం ఒకటుంది. కప్పు ఎప్పుడో కూలింది. మిగిలిన మొండిగోడ మీద కూర్చుని గుడ్లగూబ అరిచింది. పగటిపూట గుడ్లగూబ అరవకూడదు... మూడుసార్లు అరిచింది!

ఆ గోడ ముందు, ఇసుకలో మోచేతి లోతున చెలమ తవ్వి ఉంది. అడుగున రెండు వేళ్ళ ఊటనీరు. చెలమ గట్టు మీద కుంకుమ పులిమిన కపాలం... దాని కంటిగుంతల్లో మండుతున్న ఆముదపు వత్తులు... కోసిన నిమ్మకాయలు... వాటి వెనక, నల్లపంచె కట్టి, ఒళ్ళంతా బూడిద పూసుకుని, రెప్ప వేయడం మరిచిపోయిన కళ్ళతో దండపాణి! ఆ కళ్ళను చూస్తే దయ్యాలకు కూడా చలిజ్వరం వస్తుందని సత్యవేడు వైపు చెప్పుకుంటారు.

అతనికి ఎదురుగా కూర్చున్న మనిషి పేరు కోమలి. ముప్పై నాలుగేళ్ళ ఇల్లాలు. ఒడిలో మడిచిన గుడ్డ ఒకటి, కలం, రంగుబుడ్డి, చేతిలో ఫోను. ఆమెకు భయం వేయాలి. వేసింది కూడా. కానీ భయం కంటే పెద్దది ఒకటి మూడు రోజులుగా ఆమె కడుపులో నిప్పు లేకుండా ఉడుకుతోంది. దాని పేరు అసూయ. ఆ ఉడుకు ముందు దండపాణి కపాలం, వత్తులు ఏపాటి?

అసలు సంగతి చెప్పుకోవాలి.

కోమలి పుట్టినిల్లు కలంకారీ ఇల్లు. తండ్రి మునిరామయ్య గుడ్డ మీద కలం పెడితే దేవతలు దిగివచ్చి వరసలో నిలబడేవారని కాళహస్తి వీధుల్లో పేరు. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆయన చెయ్యి కోమలికి వచ్చింది. భర్త నరేంద్ర బస్సు కండక్టరు, మంచివాడు, అంటే ఏ విషయమూ పట్టించుకోనివాడు. మరిది గిరి. గిరి పెళ్ళాం సుజన.

సుజన కాపురానికి వచ్చినప్పుడు కలం ఏ వైపు పట్టుకోవాలో తెలియని పిల్ల. పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది కోమలే. పాలలో గుడ్డ నానబెట్టడం నేర్పింది, చింతబొగ్గుతో గీత వేయడం నేర్పింది, బెల్లం నీళ్ళలో తుప్పు ఇనుము నానేసి నల్లరంగు తీయడం నేర్పింది. సుజన అన్నీ నేర్చుకుంది, ఒక్క గీత తప్ప. గీత రాలేదు. దానికి బదులు కోమలికి రానిది ఒకటి ఆ పిల్లకు పుట్టుకతోనే వచ్చింది. నలుగురిలో నవ్వడం!

నిరుడు ఇద్దరూ కలిసి ఐదు గజాల గుడ్డ మీద మత్స్యావతారం వేశారు. గీతలన్నీ కోమలివి, మొహాలు, కళ్ళు కోమలివి. రంగులు నింపి ఏట్లో ఉతికింది సుజన. ఆ తర్వాత ఫొటో తీసి ఫోన్లో లోకానికి చూపించింది కూడా సుజనే. గుడ్డ మూలన సంతకం ఒక్కటే పడింది. అది సుజనది. అదేమని అడిగితే, "రెండు పేర్లకు సోటు సాల్లేదక్కా" అని నవ్వింది.

అండమాన్ వైపు ఒక చిన్న దీవిలో హోటలు నడిపే ఆసామి ఆ గుడ్డను ముచ్చటపడి కొన్నాడు. భోజనాల గదిలో గోడకు వేలాడదీశాడు. వేసిన కళాకారిణిని మొగుడితో సహా వచ్చి చూసుకోమన్నాడు. నాలుగు రోజులు తిండి, బస, పడవ షికార్లు, సముద్రం అడుగుకు దిగి చేపలను చూసి రావడం, అంతా ఆయనదే పూచీ. కళాకారిణి అంటే ఎవరు? గుడ్డ మూలన ఎవరి పేరుంటే వాళ్ళు!

"మా సిన్నకోడలు ఏరోప్లేనులో సముద్రం నడిమికి పోతా ఉండాది" అని అత్త ఆదిలక్ష్మమ్మ పాలవాడికి చెప్పింది, పూలమ్మికి చెప్పింది, కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడిని ఆపి మరీ చెప్పింది.

అత్త తిట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఇక్కడ ఆ తోడికోడలు నవ్వింది బంగాళాఖాతం మధ్యలో. ఆ నవ్వు గంటకొక ఫొటోగా ఇంటి వాట్సాప్ గ్రూపులో వచ్చి పడింది. అద్దం అడుగున్న పడవలో సుజన. తెల్లటి ఇసుకలో సుజన. కొబ్బరిబొండం పట్టుకుని సుజన. ఇక్కడ వారంగా సూర్యుడు కనబడలేదు, అక్కడ మాత్రం వెండిపళ్ళెంలా ఎండ. సూర్యుడికి కూడా సుజనంటేనే ఇష్టమా?

బుధవారం పొద్దున రెండు ఫొటోలు వచ్చాయి. మొదటిదానిలో భోజనాల గది గోడ. గోడ మీద మత్స్యావతారం. మెడలో పూలదండతో సుజన, చేప తల మీద చెయ్యి వేసి నిలబడి ఉంది. ఆ చేప కంటి కోసం కోమలి మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. ఆమె ఫొటోను వేళ్ళతో లాగి పెద్దది చేసింది. గోళ్ళకు కొత్త రంగు. చెవులకు ముత్యాలు. నా చేప మీద... నా చేప మీద దాని చెయ్యి! కోమలి వంటింట్లో చతికిలబడి పంటితో కొంగు కొరుక్కుని ఏడ్చింది.

రెండోదానిలో సుజన నడుంలోతు నీళ్ళలో ఉంది. కళ్ళకు అద్దం, నోట్లో గొట్టం, వీపున గాలి సిలిండరు. కింద రాత: "ఇది ట్రయినింగు. శుక్రవారం పదకొండు గంటలకు నిజంగా అడుగుకు పోతాండాం!"

అడుగుకు... ఆ మాట దగ్గర కోమలి ఏడుపు ఠక్కున ఆగిపోయింది.

ఆ సాయంత్రమే ఆమె మోటారు కొట్టం దారి పట్టింది. అమావాస్యకు రెండు రోజుల ముందు నుంచి దండపాణి అక్కడ మకాం వేస్తాడని ఏట్లో గుడ్డలు ఉతికే ఆడవాళ్ళు గొంతు తగ్గించి చెప్పుకోవడం చాలాసార్లు వింది.

"ఏం కావాల అమ్మణ్ణీ?" అన్నాడతను, కళ్ళెత్తకుండానే.

"నా తోడికోడలు... శుక్రవారం నీళ్ళలో దిగతాది. లెయ్యకూడదు."

తన నోటి నుంచి వచ్చిన మాటను తానే విని కోమలి అదిరిపడింది. వెనక్కు తీసుకోలేదు.

దండపాణి నవ్వాడు. "నువ్వు మునిరామయ్య కూతురివి గదా? నీ దెగ్గిర దుడ్డు వొద్దు. నేను పిండితో బొమ్మలు సేస్తా. అవి మనుసుల మాదిరి ఉండవు. తొమ్మిది సేస్తే రెండే తగల్తాయి. నువ్వు గీస్తే అచ్చం మనిసే! దాని బొమ్మ నువ్వే గియ్యి. దాని ఎంటికలు నీ కలానికి సుట్టి గియ్యి. కండ్లు మాత్రం ఈడికొచ్చినాక, అది నీళ్ళలో దిగినాక తెరవాల. గీసినోళ్ళే బొమ్మను పేరు పెట్టి మూడుతూర్లు పిలవాల. మూడో పిలుపుకు పానం గుడ్డలోకి వస్తాది. గుడ్డను నేను ముంచుతా."

"నీకేం ఇయ్యాల సామీ?"

"ఆ కుడిచెయ్యి. ఇంక మీద నేనెవురి బొమ్మ అడిగితే వాళ్ళ బొమ్మ ఏసియ్యాల. సచ్చేదాకా!"

కోమలి తన కుడిచేతిని ఒకసారి చూసుకుంది. సరేనంది. అసూయ బేరమాడదు.

గురువారం మధ్యాహ్నం, అత్త టీవీ ముందు గురక పెడుతున్నప్పుడు, కోమలి తలుపు గడియ వేసుకుంది. సుజన దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలను కలానికి చుట్టింది. జానెడు వెడల్పు, మూరెడు పొడవున్న గుడ్డ పరిచి, ఫోనులో ఆ రెండో ఫొటో ఎదురుగా పెట్టుకుని గీత మొదలుపెట్టింది. ద్వేషంతో మొదలుపెట్టింది... కానీ చేతికి ద్వేషం తెలియదు కదా! దానికి తెలిసింది తండ్రి నేర్పిన పని. అలలను అలల్లాగే వేసింది, మెలికలు తిప్పి, నురగలు కూర్చి. వీపున సిలిండరు వేయడం ఈ చేతికి ఎన్నడూ అలవాటు లేదు. అది నడుము పక్కన కలశంగా కుదిరింది. నోట్లో గొట్టాన్ని ఎలా తిప్పినా మొహం పాడవుతోందని తామరతూడుగా మార్చి చేతికిచ్చింది. కళ్ళ అద్దం పైకి జరిగి కిరీటమైంది. కాళ్ళ కింద ఖాళీ కనబడింది. ఖాళీ ఉంటే బొమ్మ తేలిపోతుంది. అందుకని అక్కడొక మొసలిని వేసింది. ఆడమనిషి ఒంటికి పసుపురంగు నింపడం రివాజు. నింపింది.

చివరికి చూసుకుంటే బొమ్మ నిండుగా వచ్చింది. ఇంత మంచి గీత ఈ మధ్యకాలంలో పడలేదు. ఇది కూడా సుజన భోగమే, చావు బొమ్మ కూడా దీనికి ఇంత అందంగా కుదిరిందే అని కోమలికి మళ్ళీ ఒళ్ళు మండింది.

ఇదీ జరిగింది. ఇక శుక్రవారానికి వద్దాం.

దండపాణి గుడ్డ విప్పి చూశాడు. నొసలు ముడిచాడు.

"గాలి డబ్బా యాడమ్మా?"

"ఇదే సామీ, నడుం కాడ ఉండేది. మా పనిలో ఇట్లనే వస్తాది."

"ఈ మొసలేంది?"

"కాళ్ళ కింద ఆసరా."

కలంకారీ తెలిసినవాడైతే ఆ క్షణమే ఆ గుడ్డను కళ్ళకద్దుకుని, ఊరు విడిచి పారిపోయేవాడు. దండపాణికి చంపడం తెలుసు. బొమ్మల మర్యాద తెలియదు. "ఎంటికలు ఉండాయి గదా, సాలు" అని గుడ్డను చెలమ పక్కన పరిచాడు.

అప్పుడు కోమలి ఫోను కిణుక్కుమంది. సుజన గొంతు, వాయిస్ మెసేజి.

"అక్కా... పడవలో ఉండాం. ఇంకో పది నిమిషాలకు దిగాల. నాకు ఈత రాదు గదా. మాస్టారు పట్టుకొని తీసకపోతాడంట, అయినా కాళ్ళు వణకతా ఉండాయి. ఆయనకు చెప్తే ఎగతాళి చేస్తాడు. అత్తకు చెప్తే ఊరంతా చాటింపు ఏస్తాది. నీకొక్కదానికే చెప్తాండా. 'ఏం గాదు, పో మే' అని ఒక్క మాట పంపించక్కా... నువ్వంటే ధైర్యంగా ఉంటాది."

నీకొక్కదానికే... ఏడేళ్ళ కిందట కలం పట్టుకోవడం రాక బిక్కమొహం వేసిన పిల్ల కోమలి కళ్ళముందు నిలిచింది. బొటనవేలు ఫోను మీదికి వెళ్ళింది. అంతలో లోపలి నుంచి ఇంకో గొంతు లేచింది. చూశావా, భయపడుతూ కూడా ఎంత ముద్దుగా మాట్లాడుతోందో! నీకు భయం వేస్తే ఎవరికి చెప్పుకున్నావు? ఎవరు విన్నారు?

ఆమె ఫోను ఇసుకలో బోర్లా పెట్టింది. జవాబు పంపలేదు.

పదకొండు! ఉరుము నెత్తిన పడ్డట్టు మోగింది!

"దిగింటాది" అన్నాడు దండపాణి. "కండ్లు తెరువు!"

అతని గొంతులో మంత్రం రగులుకుంది... క్రీం... హ్రూం... వినరాని, అనరాని బీజాక్షరాలు! కపాలంలో వత్తులు నీలంగా మారాయి. కోమలి కలం రంగులో ముంచి ఎడమకన్ను దిద్దింది. కుడికన్ను దిద్దింది. గుడ్డ మీది స్త్రీ తేరిపార చూసింది. ఆ చూపు కోమలి భుజం దాటి ఎక్కడికో, దూరంగా ఉన్న దేనికోసమో వెతుకుతున్నట్టుంది.

"పిలువు!"

"సుజనా!"

చెలమలో బుడగ లేచింది.

ఎండిన ఏట్లో, రెండు వేళ్ళ ఊటనీటిలో, అడుగు నుంచి ఒక బుడగ! దాని వెనక ఇంకొకటి... గుత్తులు గుత్తులుగా! దండపాణి పళ్ళు బయటపెట్టి నవ్వాడు. "సూడు, అది ఊపిరి ఇడిస్తా ఉండాది. ఆడ సముద్రంలో ఇడిస్తే, ఈడ తేల్తా ఉండాది! ఈ బుడగలు ఆగితే దాని కత ఐపొయినట్టే! పిలువు!"

నిజం చెప్పాలంటే కోమలి సగం నమ్మీ సగం నమ్మకా వచ్చింది. కడుపుమంట చల్లారడానికి ఏదో ఒకటి చేయాలని వచ్చింది. రెండోసారి పేరు ఎలా పిలిచిందో ఆమెకే తెలియదు. నోరు దానంతట అదే తెరుచుకుంది.

"సుజనా..."

బుడగలు చెదిరాయి! అంతవరకు వరసగా లేస్తున్నవి అటూ ఇటూ కొట్టుకున్నాయి. గట్టు తగిలి పగిలాయి. నీటిలోంచి సన్నగా ఒక మూలుగు... గొట్టం జారిపోయిన నోరు ఉప్పునీళ్ళు మింగుతూ చేసే చప్పుడు! ఆ చప్పుడు ఎవరిదో కోమలికి తెలుసు. పక్క గదిలో ఆ గొంతు దగ్గితే నిద్రలేచి నీళ్ళిచ్చిన రోజులున్నాయి.

"వొద్దు సామీ!" కోమలి కెవ్వున అరిచింది. "వొద్దు! నాకేం వొద్దు! ఇడిసిపెట్టు దాన్ని!"

"ఇడిసేదా?" దండపాణి ఎడమచేత్తో ఆమె జుట్టు పట్టి చెలమ మీదికి వంచాడు. కుడిచేత్తో గుడ్డను నీటిలోకి అదిమాడు. "సగం పానం గుడ్డలోకి వచ్చినాక ఎనక్కు పోదు! మూడోతూరి పిలువు! పిలవకుంటే దాని ఎనకాలే నిన్నూ ముంచుతా!"

బుడగలు పలచబడ్డాయి. ఐదు... మూడు...

కోమలి పళ్ళు బిగించింది. పిలిస్తే అది చస్తుంది. పిలవకపోయినా చస్తోంది. నీళ్ళ మీద ఆమె మొహం, నీళ్ళ కింద గుడ్డ మీది మొహం. మధ్య జానెడు దూరం కూడా లేదు.

రెండు...

అప్పుడు చూసింది ఆమె. మొదటిసారి, తను గీసిన బొమ్మను గీసినదానిలా కాకుండా, గుళ్ళోకి వచ్చిన మనిషిలా చూసింది. అలల మధ్య నిలబడిన ఆడమనిషి. నడుము దగ్గర కలశం. చేతిలో తామర. తల మీద కిరీటం. పాదాల కింద మొసలి. పదేళ్ళ వయసులో నాయన పక్కన కూర్చోబెట్టుకుని మొట్టమొదట నేర్పించిన బొమ్మ! వెయ్యిసార్లు వేసిన బొమ్మ! ఇందులో సుజన ఎక్కడుంది? వేసిన చేతికి సుజనను వేయడం రానే రాదు!

ఒకటి... ఒకే ఒక్క బుడగ పైకి వచ్చి, పగలకుండా, వణుకుతూ నిలిచింది.

"గంగమ్మా!" అని కోమలి గొంతు చించుకుంది. "అమ్మా గంగమ్మా! దాన్ని లేపు తల్లీ!"

మూడో పిలుపు పడింది!

ఉరుములు ఆగాయి. గుడ్లగూబ ఎగిరిపోయింది. కపాలం కళ్ళలో వత్తులు ఎవరో ఊదినట్టు ఆరిపోయాయి. ఆ మహానిశ్శబ్దంలో, మోచేతి లోతు చెలమలో నీరు పైకి రావడం మొదలుపెట్టింది. జానెడు... మూరెడు... గట్టు పొర్లింది! పక్క ఇసుక చెమర్చింది. నది పొడవునా ఇసుక రేణువు రేణువు తడిసి నల్లబడుతూ వచ్చింది. గాలినిండా ఉప్పువాసన... సముద్రం వాసన!

"ఎవురిని పిలిస్తివే?" దండపాణి ఆమె జుట్టు వదిలేసి వెనక్కు జరిగాడు. "ఎవురి బొమ్మే ఇది?"

కోమలి అరికాళ్ళ నుంచి చల్లటి ప్రవాహం ఏదో ఎగబాకి, మోకాళ్ళు దాటి, కడుపులో మూడు రోజులుగా ఉడుకుతున్నదాన్ని ముంచి, గొంతులోకి వచ్చింది. ఆమె లేచి నిలబడింది. తాను లేవలేదని ఆమెకు తెలుసు. జుట్టు విరబోసుకుంది. కళ్ళు చెవుల దాకా సాగినట్టయ్యాయి. నోటి నుంచి వచ్చిన గొంతు ఆమెది కాదు... వంద ఏర్లు ఒక్కసారి పొంగిన హోరు!

"ఎవుర్రా నన్ను నీళ్ళలో ముంచేది?"

దండపాణి కపాలాన్ని రెండు చేతులా ఎత్తి మంత్రం అందుకున్నాడు. కపాలం నోటి నుంచి నీళ్ళు కారాయి. కళ్ళ నుంచి కారాయి. అతని నోట్లో బీజాక్షరం బదులు ఉప్పునీళ్ళు పుక్కిటి నిండా ఊరాయి. ఉమ్మేశాడు. మళ్ళీ ఊరాయి!

"నన్నే ముంచుతావంట్రా? యాడ ముంచుతావు? నేను లేని నీళ్ళు యాడుండాయో సూపించు!"

దండపాణి కపాలం పారేసి పరుగెత్తబోయాడు. అడుగు పడలేదు. కిందికి చూశాడు. తడిసిన ఇసుక మీద నల్లటి గీత ఒకటి, కలంతో గీసినంత సన్నగా, మెలికలు తిరుగుతూ వస్తోంది. గీతకు తోక ఉంది. పొలుసులున్నాయి. కోరలున్నాయి! చెలమలో తేలుతున్న గుడ్డ మీద, గంగమ్మ పాదాల కింద, మొసలి ఉండాల్సిన చోట తెల్లగా, ఖాళీగా ఉంది!

"అమ్మా! తప్పైపొయింది! అమ్మణ్ణీ, నీ చెయ్యి నాకొద్దు! నువ్వే తీసుకో..."

గీత అతని చీలమండను చుట్టింది. దండపాణి బోర్లా పడ్డాడు. మొహం చెలమలో పడింది. తల ఎత్తాడు... మునిగాడు... ఎత్తాడు! ఆ చిన్న గుంతలో అతను కాళ్ళూ చేతులూ కొట్టుకున్న తీరు చూస్తే అడుగు లేని సముద్రంలో పడ్డవాడిలా ఉంది. నోటి నుంచి బుడగలు లేచాయి. గుత్తులు గుత్తులుగా లేచాయి... చెదిరాయి... పలచబడ్డాయి... ఆగిపోయాయి!

ఆకాశం పెళ్ళున విచ్చుకుని వాన మొదలైంది.

కోమలికి తెలివి వచ్చేసరికి ఇసుకలో వెల్లకిలా పడి ఉంది. ఒళ్ళంతా తడి. పక్కన దండపాణి శవం, తల చెలమలో పెట్టి, బోర్లా. చెలమలో నీళ్ళు ఎప్పటిలా రెండు వేళ్ళే. రెండు వేళ్ళ నీళ్ళలో మనిషి మునిగి చచ్చాడంటే ఎవరు నమ్ముతారు? ఆమె వెళ్ళి శవాన్ని చూడలేదు. ఇసుకలో చేతులతో దేవులాడి ఫోను అందుకుంది. సుజనకు చేసింది. మోగింది. మోగుతూనే ఉంది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు.

ఆ పది నిమిషాలు కోమలి బతికిన నరకం ముందు దండపాణి చావు సుఖం. తోడికోడలు నవ్వుతున్న ఫొటోలన్నీ తెరిచి ఒక్కొక్కదాన్నీ చూస్తూ, "నవ్వు మే... ఇంకా నవ్వు... నా చేప నువ్వే తీసుకో" అని పిచ్చిదానిలా మాట్లాడింది.

ఫోను మోగింది.

"అక్కా!" సుజన ఎక్కిళ్ళు పెడుతోంది. వెనక పడవ ఇంజను చప్పుడు, ఎవరెవరివో హడావుడి మాటలు. "అక్కా, సచ్చి బతికినాను! గొట్టం ఊడిపొయ్యింది. మాస్టారు చెయ్యి జారిపొయ్యింది. కిందికి... కిందికి పోతా ఉండా. అయిపొయిందనుకున్నా. అప్పుడు ఎవురో నా చెయ్యి పట్టుకున్నారక్కా. పసుపు పూసుకున్న చెయ్యి. ఒక్క లాగుడు లాగి పడవ పక్కన పెట్టినారు. మాస్టారు నేను కాదంటాడు. ఎవురూ కాదంటారు. ఎవురక్కా అది?"

కోమలి కళ్ళు మూసుకుంది. బతికింది. అది బతికింది! వాన మొహం మీద కొడుతుంటే ఆమె వెక్కివెక్కి ఏడ్చింది. ఆ ఏడుపు మధ్యలోనే, ఛీ, ఆ ఏడుపు మధ్యలోనే, లోపల ఒక ముల్లు మళ్ళీ కదిలింది. ఇరవై నాలుగేళ్ళుగా అమ్మను గీస్తున్నది నేను. అమ్మ వచ్చింది, నా గీతలోంచే లేచి వచ్చింది. చెయ్యి మాత్రం దానిది పట్టుకుంది. నాకు కనబడనైనా లేదు.

ఆ ముల్లును చూసి కోమలికి తన మీద తనకే భయం వేసింది. దాచిపెడితే అది మళ్ళీ మొలుస్తుందని తెలిసింది.

"సుజనా, ఇను. నడమ మాట్లాడొద్దు" అంది. "నువ్వు నీళ్ళలోంచి లెయ్యకూడదని నేనే కోరుకున్నా. ఒకడి కాడికి పొయినా. నీ ఎంటికలు తీసకపొయినా. నిన్ను సంపబోయింది నేనే. నిన్ను లేపింది గంగమ్మ."

అవతల ఎక్కిళ్ళు ఆగిపోయాయి. ఇంజను చప్పుడు ఒక్కటే వినిపించింది. కోమలి ఫోనును చెవికి అదుముకుని కూర్చుంది. తిడుతుందని చూసింది. పెట్టేస్తుందని చూసింది.

సుజన అడిగింది. గొంతు చిన్నపిల్లదిలా ఉంది.

"ఇప్పుడూ అట్లే ఉండాదా అక్కా... నా మీద?"

లేదని చెప్పడం ఎంత తేలిక! కోమలి నోటి దాకా వచ్చింది ఆ మాట. మింగేసింది.

"ఉండాది" అంది. "పోలేదు. పోతాదో పోదో నాకు తెలీదు. నువ్వు మాత్రం బతికి రా."